ఉప్పు తిన్న తులసమ్మ

నల్లమల తూర్పు వాలులో, తారురోడ్డు వాగు దాటి గుట్ట మలుపు తిరిగే చోట మందగుట్ట క్షేత్రం ఉన్నది. మొదటిసారి వచ్చేవారిలో చాలామంది గుడిని చూసి కూడా దాటి వెళ్లిపోతుంటారు. అందులో వారి తప్పేమీ లేదు. గోపురం కోసమూ ధ్వజస్తంభం కోసమూ వెతికే కళ్లకు ఇక్కడ కనబడేది ముళ్లకంప చుట్టిన దొడ్డి మాత్రమే. ఎవరిదో గొర్రెల దొడ్డి అనుకొని ముందుకు సాగి, టీ అంగడి దగ్గర దారి అడిగి, నాలుగు నవ్వులు నవ్వించుకొని మళ్లీ వెనక్కి వస్తారు.

కంపతడిక పక్కకు జరిపి లోపలికి వెళితే, నెర్రె విచ్చిన నల్లరాయి, ఆ నెర్రెలో అడుగులేని మట్టికుండ, ఆ కుండ మూతిలోంచి నిండుగా పైకి లేచిన కృష్ణతులసి దర్శనమిస్తాయి. పక్కనే మోకాలెత్తు రాతివిగ్రహం, శ్రీ మందగోపాలస్వామి. కాలు మీద కాలు మెలివేసి నిలబడ్డ ఆ స్వామి చేతిలో ఉన్నది వేణువని అర్చకులంటారు. కాదు, దుడ్డుకర్ర అని గొర్రెల కాపరులంటారు. అరిగిపోయిన రాయి కావడం వల్ల ఎవరి మాటా తేలలేదు. ఈ వాదన తరతరాలుగా నడుస్తూనే ఉన్నది, స్వామి ఇంతవరకు ఎవరినీ కాదనలేదు.

తులసి మహిమ తెలియని హిందువు ఉండడు. ఆమె శ్రీమహాలక్ష్మి అంశ. ఆమె మూలంలో సకల తీర్థాలూ, నడుమ సకల దేవతలూ, కొనలో వేదాలూ కొలువై ఉంటాయని పెద్దల మాట. బుట్టలకొద్దీ పూలు పోసినా ఒక్క తులసిదళం పడకపోతే విష్ణుపూజ నిండదు. స్వామికి ఒకసారి సమర్పించిన దళాన్ని కడిగి మళ్లీ సమర్పించినా దోషం లేదు. ద్వాదశి నాడు, పొద్దుగూకిన వేళ దళం కోయకూడదు. కోసినప్పుడు గోరు తగలకూడదు. ఈ నియమాలన్నీ మందగుట్టలోనూ పాటిస్తారు. కానీ ఇక్కడి అమ్మవారిని చుట్టుపక్కల ఊళ్లవారు పిలిచే పేరు మాత్రం వేరు. ఉప్పు తిన్న తులసమ్మ అంటారు. తులసి మొక్కకు ఉప్పేమిటని ముక్కున వేలేసుకునేవారు ఈ కథ వినాలి.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. వేసవి తగిలి మైదానాల్లో మేత అయిపోగానే ఎగువ అడవికి తరలిపోయే గొర్రెల మందలు మాత్రం ఈ గుట్ట నీడన కొన్నాళ్లు దిగి సేదతీరేవి. అలా వచ్చే మందల్లో అంకాళమ్మ మంద ఒకటి. అంకాళమ్మ గొల్లల ఇంటి ఆడపడుచు. భర్త పోయిన నాటినుంచి మందను తానే నడిపింది. ఆమె గొంతెత్తి ఒక్క కూత వేస్తే వాగు దిగబోయిన గొర్రె కూడా కాలు వెనక్కి తీసుకునేదట. గొర్రెలే అలా ఉంటే ఇక ఆమె కొడుకు బయ్యన్న సంగతి చెప్పనక్కరలేదు. తల్లి చెప్పింది చేయడం, చెప్పనిది చేయకపోవడం, ఆ రెండే అతడికి వచ్చిన విద్యలు.

బయ్యన్నకు మైదానం ఊళ్లో ఇల్లూ వాకిలీ ఉన్నవారి పిల్లను చేసుకున్నారు. ఆ పిల్ల పేరు గాలెమ్మ. పెండ్లయిన తరువాత కూతుర్ని పంపిస్తూ గాలెమ్మ తల్లి బాగా ఆలోచించింది. మంద వెంట తిరిగే ఇంట తులసికోట ఎక్కడుంటుంది? అందుకని తన వాకిట్లోని తులసి పిలకను మట్టితో సహా కుండలో పెట్టి, కూతురి నెత్తిన పెట్టింది. ఎక్కడ దిగితే అక్కడ దించుకో, పొద్దున్నే ఇన్ని నీళ్లు పోసి దణ్ణం పెట్టుకో, సంధ్యవేళ ఒక వత్తి వెలిగించు అని చెప్పింది. గాలెమ్మ ఆ మాట తప్పలేదు. మంద కదిలినప్పుడల్లా గిన్నెలూ మూటలూ గాడిద మీదికి ఎక్కేవి, తులసికుండ గాలెమ్మ నెత్తి మీదికి ఎక్కేది.

అంకాళమ్మకు ఇది ఒళ్లుమంట. మంద నడిచే దారిలో నీళ్ల విలువ ఆమెకు తెలిసినట్లు ఇంకెవరికి తెలుసు? దప్పికతో గొర్రెపిల్లలు నాలుక వేలాడేస్తుంటే చెంబెడు నీళ్లు మొక్కకు పోయడం చూసి ఊరుకోలేకపోయేది.

"ఏందే పిల్లా, గొర్రె మూతి పెట్టని ఆకు గూడా ఆకేనటే? పాలిస్తదా, పిల్లను పెడతదా? ఏం జూసుకొని నెత్తికెత్తుకున్నావు దాన్ని?"

గాలెమ్మ తలవంచుకొని తాను తాగే నీళ్లలోంచి సగం కుండలో పోసేది. తన వాటా నీళ్లే పోస్తున్నప్పుడు అనడానికి మాట దొరక్క అంకాళమ్మకు ఇంకా మండేది. బయ్యన్న అటు చూడకుండా గొర్రెల వెంట గబగబా వెళ్లిపోయేవాడు.

అంకాళమ్మ చెడ్డది కాదు. నోరు పెద్దది, చేయి అంతకంటే పెద్దది. ఒకనాటి పొద్దున గాలెమ్మ కుంటుతూ నడవడం ఆమె చూసింది. ముల్లు దిగి ఉంటుందని, ముంతలో ఆముదం వెచ్చజేసి పట్టుకొని కోడలి దగ్గరకు వచ్చింది. గాలెమ్మ అటు తిరిగి తులసి ముందు కూర్చొని ఉన్నది.

"అమ్మా, కాలు సలుపుతాందమ్మా," అంటున్నది మొక్కతో. "ఎవరితో జెప్పుకోను? నీకు గాక నాకు ఈడ ఎవరున్నారు?"

వెనకాలే ఆముదం ముంతతో నిలబడ్డ అంకాళమ్మకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పెండ్లయి రెండేళ్లు దాటింది. ఒకే కుండ సంగటి తింటున్నారు, ఒకే గొంగడి కింద వానకు తలదాచుకుంటున్నారు. ఆ పిల్ల మంచీ చెడ్డా ఆకులతో చెప్పుకుంటున్నది, మనుషులతో చెప్పుకోవడం లేదు. అంకాళమ్మ చప్పుడు చేయకుండా వెనుదిరిగి, ఆ ఆముదం తన మోకాలికే రాసుకున్నది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. మంద ఈ గుట్ట కిందికి వచ్చి దిగింది. దిగిన రోజే కొమ్ములు తిరిగిన పొట్టేలు ఒకటి ఏం తోచిందో ఏమో, వచ్చి తులసికుండను ఒక్క కుమ్ము కుమ్మింది. కుండ అడుగు ఊడిపోయింది. గాలెమ్మ ఏడుస్తూ పరుగెత్తి, మట్టి రాలిపోకుండా వేళ్లను చీరకొంగులో పట్టుకొని, దగ్గరున్న నల్లరాతి నెర్రెలో మొక్కను నిలబెట్టింది. గాలికి ఒరిగిపోకుండా అడుగులేని కుండను చుట్టూ తొడిగి మట్టి నింపింది. వేరు రాతిలోకి దిగింది. ఇక దాన్ని కదిలిస్తే బతకదు.

మంద ఎక్కువ రోజులు ఆగడానికి లేదు. మేత ఎగువన ఉన్నది. ఎప్పటిలాగే అందరూ పోవలసిందే గానీ, ఆ ఏడు అంకాళమ్మ మోకాలు వాచి కొండెక్కే పరిస్థితి లేదు. కాళ్లు దెబ్బతిన్న కుంటిజీవాలు కొన్ని ఉన్నాయి. వాటిని కాచుకుంటూ ఆమె గుట్ట కిందనే గుడిసె వేసుకొని ఉండాలని, కార్తీకం వచ్చేసరికి మంద తిరిగి రావాలని అనుకున్నారు. గాలెమ్మ వెళ్లక తప్పదు. ఆమె లేకపోతే ఎగువన వంట చేసేవారు గానీ, ఈనిన గొర్రెలను చూసేవారు గానీ లేరు. తులసి ఉండక తప్పదు. ఆ తులసిని ఎవరి చేతిలో పెట్టి పోవాలి? ఉన్నది ఒక్క అత్తగారే.

గాలెమ్మ ఆమె ముందు నిలబడి చాలాసేపు కాలి బొటనవేలితో నేల రాసింది.

"అత్తా, దీనికి కాసిని నీళ్లు బోస్తావా?"

"మందనే జూసిన దాన్ని. ఒక మొక్కను జూడలేనా? పో, పొద్దెక్కుతాంది," అన్నది అంకాళమ్మ మొగం తిప్పుకొని.

గాలెమ్మ గుట్ట మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే నడిచింది. ఆమె చూసేది తననా, మొక్కనా అని అంకాళమ్మకు తెలియలేదు. తననైతే కాదనుకున్నది.

మాట ఇచ్చిన తరువాత తప్పే మనిషి కాదు కనుక అంకాళమ్మ రోజూ సణుక్కుంటూనే నీళ్లు పోసింది. మనుషులు లేని చోట ఎంత గట్టి నోరైనా ఎన్నాళ్లు ఊరుకుంటుంది? కుంటిగొర్రెలతో మాట్లాడింది, తన మోకాలితో మాట్లాడింది, ఆఖరికి తులసితోనూ మాట కలిపింది. మొదట తిట్లే. తరువాత కబుర్లు. ఎండ గురించి, పోయిన భర్త గురించి, బయ్యన్న చిన్నప్పటి అల్లరి గురించి చెప్పింది. చెప్పిన మాట బయటికి పొక్కకుండా వినే ప్రాణి ఇంతవరకు ఆమెకు దొరకలేదు. కోడలు ఎందుకు దీన్ని వదలలేదో కొద్దికొద్దిగా అర్థమయింది.

"మా పిల్ల నీకు అన్నీ జెప్పిందిగా," అని ఒకనాడు అడిగింది. "నా గురించి ఏమేం జెప్పిందో నాకూ ఒక మాట జెప్పరాదూ?"

తులసి గాలికి ఊగింది గానీ గుట్టు విప్పలేదు. ఆ పద్ధతి అంకాళమ్మకు బాగా నచ్చింది. ఇది నమ్మదగిన జీవమే అనుకున్నది.

కాపరులలో ఒక ఆచారం ఉన్నది. వేరే మందనుంచి కొని తెచ్చిన గొర్రె పాతచోటికి పారిపోకుండా ఉండాలంటే, మంద యజమాని దాని నొసట పసుపు రాసి, అరచేతిలో ఉప్పు పోసి నాకిస్తాడు. "మా మందలోదానివే" అని చెవిలో చెబుతాడు. ఆ ఉప్పు తిన్న గొర్రె ఇక ఎక్కడ మేసినా సాయంత్రానికి ఆ చేతి దగ్గరికే వస్తుంది. అంకాళమ్మ చేతి ఉప్పు తినని గొర్రె ఆమె మందలో లేదు. ఒకనాటి ఉదయం తులసికి నీళ్లు పోస్తుండగా ఆమెకు ఆ సంగతి గుర్తొచ్చి, మనసు చివుక్కుమన్నది. పరాయి వాకిటినుంచి వచ్చి ఇన్నాళ్లయింది, దీనికి ఎవరూ ఉప్పు పెట్టలేదే!

ఆమె చేసిన పని తెలిసిన వారెవరూ చేయరు. ప్రేమ పుట్టుకొచ్చిన గొర్రెల కాపరి మాత్రం అంతకన్న వేరే ఏం చేస్తుంది? గుడిసెలోకి వెళ్లి సంచిలోంచి తెల్లని కల్లుప్పు ఏరి తెచ్చింది. కుండకు పసుపు రాసింది. పిసినారితనం చేయకుండా రెండు గుప్పిళ్ల నిండా ఉప్పు తులసి మొదట్లో పోసి, కరగడానికి కాసిన్ని నీళ్లు చిలకరించి, ఆకులకు నోరు దగ్గరగా పెట్టి, "మా మందలోదానివే," అన్నది. ఆ పూట ఆమెకు కడుపు నిండినట్లయింది.

రోజులు గడిచేకొద్దీ ఆకుల అంచులు మాడాయి. తరువాత ముడుచుకున్నాయి. తరువాత ఒక్కటొక్కటే రాలిపడ్డాయి. మొదట ఎండదెబ్బ అనుకొని గొంగడి అడ్డం కట్టింది. ఆపైన ఒకనాడు రాలిన ఆకు తీసి నాలుక మీద పెట్టుకున్నది. ఉప్పగా ఉన్నది. చేసిన పనేమిటో అప్పుడు తెలిసింది.

అంకాళమ్మ జీవితంలో చాలా పోగొట్టుకున్నది. మగడు పోయాడు, కరువుల్లో మందలో సగం పోయింది. ఎప్పుడూ ఇంత భయపడలేదు. కోడలు వస్తుంది. మోడైన మొక్కను చూస్తుంది. అత్త పగబట్టి చంపిందనుకుంటుంది. తిట్టినా బాగుండును, నోటికొచ్చినట్లు తిట్టి జుట్టు పట్టుకున్నా బాగుండును. ఆ పిల్ల తిట్టదు. తలవంచుకొని ఊరుకుంటుంది. ఇన్నాళ్లూ తన బాధ చెప్పుకోవడానికి ఒక తులసి ఉన్నది. ఆ తులసే లేకపోతే ఈ బాధ ఎవరితో చెప్పుకుంటుంది? అంకాళమ్మ మోడు ముందు కూర్చొని, ఎవరూ లేరు కదా అని నోరారా ఏడ్చింది. గంగమ్మకు మొక్కింది. కొండకు మొక్కింది. ఏ దేవుడిది ఈ మొక్కో తెలియదు కనుక, ఎవరిదైతే వారికి ఒక దణ్ణం అని గాలిలోకి కూడా మొక్కింది.

ఏడ్చి ఏడ్చి మిట్టమధ్యాహ్నం రాతి పక్కన కునుకు తీసింది. కలలో ఎదురుగా గుట్టవాలు మీద ఒక కాపరి కనబడ్డాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, ఆ కర్రకు ఒరిగి కాలు మీద కాలు వేసుకొని తీరుబడిగా నిలబడ్డాడు. ముఖం ఎక్కడో చూసినట్లే ఉన్నది, ఏ మందవాడో గుర్తు రాలేదు.

"ఏం పెద్దమ్మా," అన్నాడు. "మంద గాసి జుట్టు నెరిసింది గదా. ఉప్పు తిన్న జీవానికి ఏం గావాలో నిన్నడిగి తెలుసుకునే వాళ్లం గాని, నీకు మేం జెప్పాల్నా?"

అంకాళమ్మకు సిగ్గేసింది. "నీళ్లు గావాలి నాయనా."

"మరి పెట్టు."

"యాడున్నయి? వాగులో మడుగు అడుగంటె. కుంటిజీవాలకే చాలట్లా."

కాపరి నవ్వాడు. "నేను నిలబడ్డ కాడ తవ్వు. ఎంతకాలం నిలబడ్డానో, కాళ్లు గూడా చెమ్మగిల్లినాయి నాకు."

ఆమె కళ్లు తెరిచింది. వాలు మీద ఎవరూ లేరు. మోకాలి నొప్పి ఉన్నదో లేదో చూసుకోలేదు. కంప పాతే గడ్డపార పట్టుకొని పాకుతూ వెళ్లి ఆ చోట తవ్వడం మొదలుపెట్టింది. పైన గులకరాయి, దాని కింద గరుకు ఇసుక. ఇంకాస్త తవ్వితే గడ్డపార దేనికో తగిలి మోగింది. చేతులతో మట్టి తోసి చూస్తే రాతి ముఖం కనబడింది. భుజాలు, చేతులు, చేతిలో కర్ర, ఆఖరికి మెలివేసిన కాళ్లు. ఎక్కడ చూశానా అని కలలో అనుకున్న ముఖం అదే. పాదాల దగ్గర ఇసుక తడిసి ఉన్నది. ఆమె చూస్తుండగానే అక్కడ నీరు ఊరి, ఎండ తగిలి మెరిసింది.

"ఈడనే నిలబడి ఇంతసేపు ఊరుకున్నావా, మంచోడివే!" అని అంకాళమ్మ దేవుణ్ణి కూడా ఒక మాట అన్నది. అని, గొంగడితో ఆయన ముఖం తుడిచి, మెల్లగా బయటికి లాగి తులసి పక్కన నిలబెట్టింది.

చెలమలో నీరు ముంత మునిగేంత లేదు. అందుకని దోసిలితో పట్టింది. అరచేతుల సందుల్లోంచి కారిపోగా మిగిలిన నీటిని నెర్రెలో పోసింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ పోసింది. దప్పికగొన్న గొర్రెను నీళ్లకు పిలిచినట్లు, "దా, తాగు, దా," అంటూ పోసింది. పోసిన నీరు వేళ్లను కడిగి, నెర్రె వెంట జారి, గుట్ట కిందికి ఇంకిపోయేది. ఆ నీటిని వేలితో తాకి నాలుక మీద పెట్టుకొని, ఉప్పు తగ్గిందో లేదో చూసుకునేది. కుంటిగొర్రెలు వచ్చి మొక్కను తొక్కకుండా చుట్టూ ముళ్లకంప వేసింది. ఆ వేసవంతా ఆమెకు అదే పని, అదే పూజ. మంత్రమంటే ఏమిటో ఆమెకు తెలియదు. దా, తాగు అన్నదే మంత్రమయింది.

నీరు చప్పబడిన కొన్నాళ్లకు మోడు మొదట్లో మెంతిగింజంత చిగురు కనబడింది. అంకాళమ్మ దానికి గాలి తగులుతుందేమోనని చేయి అడ్డం పెట్టింది. తొలకరి పడింది, చిగురు కొమ్మయింది. వానలు నిలిచేసరికి తులసి కుండ పట్టకుండా పెరిగి, వెన్నులు వేసి, గుట్టంతా వాసన నింపింది.

కార్తీకం వచ్చింది. క్షీరాబ్ధి ద్వాదశి నాడు పొద్దున్నే గుట్ట మలుపులో గంటల చప్పుడు వినబడింది. మంద ఇంకా దూరాన ఉండగానే గాలెమ్మ పరుగెత్తుకొచ్చింది. కంప దగ్గర ఆగి, లోపల చూసి, అక్కడికక్కడే కూలబడింది. తానిచ్చి పోయిన బెత్తెడు మొక్కను ఈ వనంలో వెతుక్కోవలసి వచ్చింది. వెంటనే లేచి అత్తగారి రెండు పాదాలూ పట్టుకున్నది.

"బతికించినావత్తా! ఇంత ఎండల్లో ఎట్ల బతికించినావు?"

ఆ పొగడ్త మింగేసి ఊరుకుంటే అడిగేవారు లేరు. చూసినవారు లేరు, మాడిన ఆకులు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. అంకాళమ్మకు గొంతు దిగలేదు.

"బతికించడం గాదు పిల్లా. నేను దీన్ని చంపినంత పని జేసినా," అన్నది. "మొదట్లో ఉప్పు బోసినా. రెండు గుప్పిళ్లు."

గాలెమ్మ తల ఎత్తి చూసింది. "ఉప్పా?"

"పగతో గాదే తల్లీ. మన మందలోకి వచ్చి ఇంతకాలమాయె, దీనికెవరూ ఉప్పు పెట్టలేదని. మా మందలోదానివే అని జెప్పి పెట్టినా. మొక్కకు పడదని నాకేం దెలుసు?"

గాలెమ్మ నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది. మంద వెంట తిరిగిన పిల్ల గనుక ఉప్పు పెట్టడమంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. అత్తగారి చేతి ఉప్పు నాకి, సాయంత్రం ఆ చేయి వెతుక్కుంటూ వచ్చే గొర్రెలను రోజూ చూసింది.

"దానికి బెట్టినావు గదత్తా," అన్నది. "నాకు పెట్టలా."

అంకాళమ్మ గుడిసెలోకి పోయి ఉప్పుసంచి తీసుకొచ్చింది. ఒక ఉప్పుకల్లు తీసి కోడలి నాలుక మీద పెట్టింది. చెవి దగ్గరికి వంగి, "మా మందలోదానివే," అన్నది.

గాలెమ్మ కళ్లు తుడుచుకొని, "నీకెవరు బెట్టినారత్తా?" అని అడిగింది.

అంకాళమ్మ కూడా ఏటి అవతలి మందనుంచి కోడలిగా వచ్చినదే. మూతి మీద మీసం రాని మగడి వెంట, ఎవరి ముఖమూ తెలియని మందలోకి వచ్చి, గొంతు పెంచుకొని, పెద్దరికం సంపాదించుకొని, జుట్టు నెరిపించుకున్నది. ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. తానూ వేసుకోలేదు.

"ఉప్పు జీవాలకు బెడతారు గానీ, కోడళ్లకు ఎవరు బెట్టినారే పిచ్చిదానా," అన్నది.

గాలెమ్మ సంచిలో చేయి పెట్టి మరొక ఉప్పుకల్లు తీసి, అత్తగారి నోటికి అందించింది. మందనంతా ఒక్క కూతతో నిలబెట్టే అంకాళమ్మ పసిపిల్లలా నోరు తెరిచింది. ఆమె చెంపల మీదుగా నీళ్లు జారి గడ్డం మీదికి వచ్చాయి.

"ఉప్పెక్కువైందే," అన్నది, కొంగు అడ్డం పెట్టుకుంటూ.

ఆ సాయంత్రం అత్తాకోడళ్లిద్దరూ తులసి ముందు దీపం పెట్టారు. ఆ తరువాతి కాలంలో ఈ దారిన వచ్చిన ఒక దాసరి ఆ రాతి కాపరిని చూసి సాష్టాంగపడి, ఈయన సాక్షాత్తూ గోపాలుడమ్మా, ఈ తులసి ఆయన ఇల్లాలు, తన ఇల్లాలి దాహం చూడలేక పైకి వచ్చాడు అని చెప్పాడట. అంకాళమ్మ ఒప్పుకోలేదు. ఆయన మా వాళ్లలో వాడే, నాకు కలలో కనబడ్డాడు గనుక నాకే బాగా తెలుసు అన్నదట. కాపరుల వాదనకు మూలం ఆ మాటే. మంద ఆ ఏటినుంచి ప్రతి కార్తీకమూ ఇక్కడ దిగింది. దిగిన చోట గుడిసెలు వెలిశాయి, గుడిసెలు ఊరయ్యాయి.

నేటికీ ఈ క్షేత్రంలో ప్రహరీ కట్టలేదు. ఏటా కొత్త కంప వేస్తారు. కుండ పగిలితే అడుగు తీసేసిన కొత్త కుండ తొడుగుతారు. చెలమ స్వామి వెనుక వాలు మీదనే ఉన్నది. భక్తులు చెంబుతో కాకుండా దోసిలితోనే నీళ్లు తెచ్చి, దా తాగు తల్లీ అంటూ తులసమ్మకు పోస్తారు. అమ్మ దాహం ఇంకా తీరలేదని, ఎందరు వచ్చినా వారి దోసిలికి పని ఉంటుందని ఇక్కడి నమ్మకం.

కంప లోపలికి ఉప్పు తీసుకురావడం నిషిద్ధం. ఉప్పు పెట్టే ఘట్టం తడిక బయట జరుగుతుంది. క్షీరాబ్ధి ద్వాదశి నాడు కొత్తగా పెండ్లయిన కోడళ్లను వెంటబెట్టుకొని అత్తలు వస్తారు. తులసికి నీళ్లు పోసి, స్వామికి మొక్కి, బయటికి వచ్చిన తరువాత అత్త కోడలి నాలుక మీద ఉప్పుకల్లు పెట్టి ఆ మాట చెబుతుంది. కోడలు అత్తకు తిరిగి పెడుతుంది. సంతానం, సౌభాగ్యం, పాడిపంట కోరుకున్నవారికి కోరుకున్నట్లే కలుగుతాయని ప్రతీతి. ఇంట్లో నోరు విప్పి మాట్లాడుకోవడం మాత్రం అడగకుండానే కలుగుతుందని అనుభవజ్ఞులు చెబుతారు.

ఎవరినీ వెంటబెట్టుకోకుండా వచ్చే పెద్దవయసు అమ్మలు కూడా ఆ రోజు కొందరు ఉంటారు. అత్తలు ఏనాడో పోయారు, కోడళ్లు ఎక్కడో ఉన్నారు. వారు కంప పక్కన కొంచెం ఎడంగా నిలబడి, అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూనే నోరు తెరుస్తారు. వారికి ఉప్పు పెట్టే అధికారం ఫలానా వారిదని లేదు. ఆ సమయానికి పక్కన ఎవరుంటే వారే పెట్టాలి. పెట్టి, చెవి దగ్గరికి వంగి, "మా మందలోదానివే," అని చెప్పాలి.